రాతిగోడ మీద అబ్బాయి: పాత అమెరికన్ తైలవర్ణ చిత్రం గురించి సలహా కావాలి

అటకమీదిపెట్టె (పిట్స్‌బర్గ్):
సభ్యులందరికీ నమస్కారం. రెండు వారాల కిందట మా ఊరికి దగ్గరలో ఒక పాత ఇంట్లో ఎస్టేట్ సేల్ (ఇంట్లోని సామానంతా అమ్మివేయడం) జరుగుతోందని తెలిసి వెళ్ళాను. కుర్చీలు చూద్దామని వెళ్ళినవాణ్ణి 85 డాలర్లు ఇచ్చి ఒక తైలవర్ణ చిత్రంతో తిరిగివచ్చాను. వెడల్పు సుమారు 12 అంగుళాలు, ఎత్తు 16 అంగుళాలు ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ అబ్బాయి పొలం సరిహద్దున పేర్చిన రాతిగోడ మీద కూర్చుని, గడ్డిటోపీని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని, మనవైపు కాకుండా పక్కకు చూస్తుంటాడు. వెనక పచ్చికబయలు, దూరంగా ఒక కొట్టం, పైన కొద్దిపాటి ఆకాశం ఉన్నాయి. వార్నిష్ బాగా పసుపెక్కిపోవడం వల్ల బొమ్మంతా చారులో ముంచి తీసినట్టుగా ఉంది. కాళ్ళకు నల్లని బూట్లున్నాయి. కింద కుడి మూలలో «ఇ. జె.» అని రెండు నల్లని అక్షరాలు ఉన్నాయి.

ఆ అక్షరాలు చూసిన దగ్గరనుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ చిత్రకారుడు ఈస్ట్‌మన్ జాన్సన్ పల్లెటూరి పిల్లలను ఎక్కువగా చిత్రించాడని చదివాను. ఇది ఆయనదే కావడానికి అవకాశం ఉందా? ఉంటే ముందుగా ఏం చేయాలి? తెలిసినవారు చెప్పగలరు.

రాగిచెంబు (రాజమహేంద్రవరం):
మీ సంతోషం మీద నీళ్ళు చల్లడం నా ఉద్దేశం కాదు గానీ, చిత్రకారుడెవరన్న ప్రశ్నకు ముందు ఇది అసలు రంగులతో వేసిన చిత్రమేనా, లేక అచ్చువేసిన బొమ్మా అన్నది తేల్చుకోవాలి. జాన్సన్ 1860లో ‘చెప్పులు లేని అబ్బాయి’ చిత్రాన్ని వేశాడు. కవి విటియర్ అదే పేరుతో 1855లో రాసిన పద్యం అప్పటికే అమెరికాలో బాగా ప్రచారంలో ఉంది. బోస్టన్‌లో ముద్రాపకుడు లూయీ ప్రాంగ్ 1867లో ఆ చిత్రాన్ని క్రోమోలితోగ్రాఫ్‌గా అచ్చువేసి అమ్మాడు. ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క రాయి వాడి, ఒకదానిమీద ఒకటి అద్ది, చివరకు కాన్వాసు నేతను పోలిన గరుకును కూడా కాగితం మీద ఒత్తి, వార్నిష్ పూసి అమ్మేవారు. ఫ్రేములో పెట్టి గోడకు తగిలిస్తే తైలచిత్రమని నమ్మడానికి ఏ అడ్డూ ఉండదు.

ఈ మోసం మనకు కొత్తది కాదు. మా తాతగారి ఇంట్లో లక్ష్మీదేవి పటం ఒకటి ఉండేది. రాజా రవివర్మ స్వహస్తాలతో వేసిన చిత్రమని మా బంధువర్గంలో మూడు తరాలు గర్వంగా చెప్పుకున్నాం. అది 1894లో బొంబాయి దగ్గర ఆయన పెట్టించిన ముద్రణాలయం నుంచి వచ్చిన ఓలియోగ్రాఫ్, అంటే తైలచిత్రంలా కనబడేలా అచ్చువేసిన పటం అని నేను భూతద్దంతో చూసి చెప్పిన రోజున మా బాబాయి నాతో మాట్లాడటం మానేశాడు. మీరు కూడా పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో అబ్బాయి బుగ్గను చూడండి. సన్నని చుక్కలు కనబడితే అది అచ్చు.

అటకమీదిపెట్టె:
రాగిచెంబు గారూ, చూశాను. చుక్కలు లేవు. టోపీ అంచున రంగు మందంగా లేచి, కుంచె వెంట్రుకల గీతలు వేలికి తగులుతున్నాయి. (తాకకూడదని తరవాత చదివాను, క్షమించాలి.) వెనకవైపు కాన్వాసు గోధుమరంగుకు తిరిగింది. చెక్క చట్రం నాలుగు మూలల్లోనూ చిన్న చిన్న చెక్క చీలికలు దోపి ఉన్నాయి. అంచుల్లో తుప్పుపట్టిన చిన్న మేకులున్నాయి. కాన్వాసు మధ్యలో మసకగా ఒక ముద్ర ఉంది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే «ఎఫ్. డబ్ల్యు. డెవో అండ్ కంపెనీ, న్యూయార్క్» అని చదవగలిగాను.

వార్నిష్‌వాసన (ఫిలడెల్ఫియా):
నేను చిత్రాల పునరుద్ధరణ జరిగే ఒక ప్రయోగశాలలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. కాబట్టి బొమ్మ ముందు భాగం కన్నా వెనక భాగం గురించే నమ్మకంగా మాట్లాడగలను. వెనకవైపు అబద్ధం చెప్పడం తక్కువ.

డెవో అనేది న్యూయార్క్‌లో రంగులూ కాన్వాసులూ అమ్మిన పెద్ద సంస్థ. 1892లో అది రేనాల్డ్స్ వారితో కలిసి, రెండు పేర్లూ చేరిన కొత్త పేరు పెట్టుకుంది. మీ ముద్రలో డెవో ఒక్కటే ఉన్నది కనుక ఆ కాన్వాసు 1892కు ముందు తయారై ఉండాలి. అంతమాత్రాన బొమ్మ కూడా అప్పుడే వేశారని అనుకోకూడదు, ఎందుకంటే కొన్న కాన్వాసు పదేళ్ళు మూలన పడి ఉండటం చిత్రకారుల ఇళ్ళలో మామూలే. మేకులు తీసి మళ్ళీ కొట్టిన గుర్తులు లేకపోతే, వెనక రెండో గుడ్డ అతికించి ఉండకపోతే, చిత్రం తన మొదటి చట్రం మీదే ఉన్నట్టు. మూలల్లో చెక్క చీలికలు కాన్వాసు వదులైనప్పుడు బిగించడానికి దోపినవి. వాటిని ఊడిపోనివ్వకండి.

ఇక ఆ రెండు అక్షరాలు. భూతద్దం అక్కడ పెట్టి, రంగులో ఏర్పడిన పగుళ్ళు అక్షరాలను కూడా చీల్చుకుంటూ పోయాయా, లేక అక్షరాల నల్లరంగు పగుళ్ళలోకి దిగిందా అన్నది గమనించండి. పగుళ్ళలోకి రంగు దిగిందంటే, బొమ్మ పాతబడి పగిలిన తరవాతే ఎవరో అక్షరాలు రాశారని అర్థం. ఆ తరవాత చీకటిగదిలో అతినీలలోహిత దీపం వేసి చూడండి. పాత సహజ జిగురుతో చేసిన వార్నిష్ ఆ వెలుగులో పచ్చగా మెరుస్తుంది. దాని పైన తరవాత వేసిన రంగు నల్లని మచ్చలా విడిగా నిలుస్తుంది. చూసేటప్పుడు కళ్ళకు రక్షణ అద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

గోరింట (శాన్ హోసే):
చాలా ఆసక్తికరంగా ఉంది. ఆ పసుపుదనం పోవడానికి కోసిన బంగాళాదుంపతో మెల్లగా రుద్దితే చాలని ఒక వీడియోలో చూశాను. ఎవరైనా చేసి చూశారా?

వార్నిష్‌వాసన:
గోరింట గారూ, దయచేసి ఎవరూ చేయవద్దు. బంగాళాదుంప, ఉల్లిపాయ, నిమ్మకాయ, చింతపండు వంటివన్నీ వంటింట్లోనే ఉండాలి. వాటి తడీ పిండిపదార్థమూ పగుళ్ళలో చేరి, రంగు కింద ఉన్న పూతను ఉబ్బిస్తాయి, తరవాత బూజుకు ఆహారమవుతాయి. పైగా పసుపెక్కిన వార్నిష్ వాటితో కరగదు. చెబితే నవ్వుతారేమో గానీ, పైపైన పేరుకున్న మురికిని తీయడానికి మా ప్రయోగశాలలో దూదిపుల్లకు చేసుకునే తడి చాలాసార్లు మనిషి ఉమ్మే. అందులోని ఎంజైములు ఆ పని బాగా చేస్తాయి. అయితే దాన్ని కూడా ఎక్కడ ఆపాలో తెలిసినవారే చేయాలి.

కుంచెపట్టినవాడు (హైదరాబాద్):
నేను చిత్రకళ చదువుకున్నవాణ్ణి. మీరు పెట్టిన ఫోటో అంత స్పష్టంగా లేదు గానీ, నాకు తోచినది రాస్తాను.

ఆ కాలపు అమెరికాలో ఆరుబయట పిల్లలను వేసినవారిలో ముగ్గురు ముఖ్యంగా గుర్తుకు వస్తారు. జాన్సన్ (1824–1906) డ్యుసెల్‌డార్ఫ్‌లో చదివి, తరవాత హేగ్‌లో చాలాకాలం ఉండి, డచ్చి పాత చిత్రకారుల వెలుగునీడలను వంటబట్టించుకున్నాడు. ఆయన బొమ్మల్లో నీడ వెచ్చని గోధుమరంగులో పలచగా ఉంటుంది, వెలుగు పడిన చోట మాత్రమే రంగు మందంగా ఉంటుంది. విన్స్‌లో హోమర్ (1836–1910) దీనికి పూర్తిగా భిన్నం. ఎండ నిజంగా మాడుస్తున్నట్టు, పిల్లల చొక్కాల మీద తెల్లని పలకల్లా వెలుగు పరిచి, ముఖాలను టోపీ నీడలో ముంచేస్తాడు. బోస్టన్ మ్యూజియంలో ఉన్న 1874 నాటి ‘పచ్చికలో అబ్బాయిలు’ అనే చిత్రంలో ఇద్దరు పిల్లలు ఏమీ చేయకుండా ఊరికే కూర్చుని ఉంటారు. ఏమీ జరగని మధ్యాహ్నాన్ని అంత నిబ్బరంగా వేసినవాడు నాకు మరొకడు కనబడలేదు. విశేషమేమంటే జాన్సనూ హోమరూ ఇద్దరూ వయసులో ఉండగా బోస్టన్‌లో బఫర్డ్ అనే ఒకే లితోగ్రాఫ్ (రాతి అచ్చు) కార్ఖానాలో, పదిహేనేళ్ళ తేడాతో పని నేర్చుకున్నారు. మూడోవాడు జాన్ జార్జ్ బ్రౌన్ (1831–1913), ఇంగ్లండ్‌లోని డరమ్‌లో పుట్టి 1853లో అమెరికా చేరినవాడు. బూట్లు పాలిష్ చేసే కుర్రాళ్ళ బొమ్మలతో ధనవంతుడైనా, అంతకు ముందు పల్లె పిల్లలను కంచెల మీదా వాగుల పక్కనా చాలాసార్లు వేశాడు. ఆయన పనిలో ప్రతి గడ్డిపోచా, ప్రతి గుండీ లెక్కపెట్టవచ్చు.

మీ చిత్రంలో అబ్బాయి ముఖం తిరిగిన తీరు, భుజం మీద ఎండ నిజంగా బాగున్నాయి. చేతులను మాత్రం టోపీ వెనక దాచేశాడు. వేళ్ళు వేయడం రానివాళ్ళందరం చేసే పనే అది, నేను కూడా చేశాను. జాన్సన్‌కు ఆ అవసరం లేదు. నా ఊహ ప్రకారం ఇది బాగా శిక్షణ పొందిన ఔత్సాహికుడి పని. ఆ కాలంలో అలాంటివారు ఎంతోమంది ఉండేవారు. ముడతపడే తగరపు గొట్టాల్లో తైలవర్ణాలు నింపే పద్ధతికి అమెరికన్ చిత్రకారుడు జాన్ గోఫ్ రాండ్ 1841లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు పంది మూత్రాశయపు సంచుల్లో రంగు నిలవచేసుకునే అవస్థ ఉండేది. గొట్టాలు వచ్చిన తరవాత పెట్టె భుజాన వేసుకుని పొలంలోకి వెళ్ళి బొమ్మ వేయడం బడిపంతులుకు కూడా సాధ్యమైంది.

ఓహాయోవాసి (అక్రన్):
అటకమీదిపెట్టె గారూ, మీరు పిట్స్‌బర్గ్‌లో ఉంటూ యంగ్‌స్టౌన్‌లోని బట్లర్ మ్యూజియం చూడకపోతే పొరపాటే. కారులో గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం, ప్రవేశానికి రుసుము లేదు. హోమర్ 1872లో వేసిన ‘స్నాప్ ద విప్’ అక్కడే ఉంది. బడి విరామంలో పిల్లలు చేతులు పట్టుకుని గొలుసుగా పరుగెత్తి, ఒక్కసారిగా ముందువాళ్ళు ఆగిపోతే చివరివాళ్ళు విసురుకు ఎగిరి పడతారు. వెనక ఎర్రని చిన్న బడి ఉంటుంది. ఆ వరుసలో చాలామందికి కాళ్ళకు చెప్పులు లేవు. ఈ చిత్రాన్ని ఆయన రెండుసార్లు వేశాడు. బట్లర్‌లో ఉన్నది 22 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు కలిగిన పెద్దది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది చిన్నది, దానిలో బడి వెనక కొండలు కనబడవు. 1873 సెప్టెంబరు 20న హార్పర్స్ వీక్లీ అనే వారపత్రికలో దీన్ని చెక్క మీద చెక్కి తీసిన అచ్చు వచ్చింది. అసలు చిత్రం ఎన్నడూ చూడనివారి ఇళ్ళలోకి కూడా అలా చేరింది.

మా అబ్బాయిని తీసుకువెళితే, చివర పడిపోయిన కుర్రవాడి దగ్గర నిలబడి, వీడికి దెబ్బ తగిలిందా అని అడిగాడు.

నిర్మొహమాటం (చికాగో):
అందరూ ‘వాస్తవికత’ అంటున్నారు కనుక ఒక మాట. అంతర్యుద్ధం 1865లో ముగిసింది. లక్షల మంది చనిపోయారు, పల్లెలు ఖాళీ అయి పట్నాలు పెరుగుతున్నాయి. సరిగ్గా ఆ సమయంలోనే పచ్చికలో ఎండ కాగే పిల్లల బొమ్మలకు గిరాకీ పెరిగింది. కొన్నవారు పట్నంలోని డబ్బున్నవారు. వారు కొన్నది తమ బాల్యపు జ్ఞాపకాన్ని గానీ ఆనాటి పిల్లల బతుకును కాదు. బ్రౌన్ వేసిన బూట్‌పాలిష్ కుర్రాళ్ళ బుగ్గలు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. 1908 నుంచి లూయిస్ హైన్ బాలకార్మికుల మీద తీసిన ఫోటోలను వాటి పక్కన పెట్టి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

కుంచెపట్టినవాడు:
బ్రౌన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. హోమర్‌ను మాత్రం అదే గాటన కట్టడానికి నాకు మనసు ఒప్పదు. ఆయన 1877లో వేసిన ‘వేడుకకు ముస్తాబు’ చిత్రంలో నల్లజాతి కుటుంబం ఒకటి పండుగకు సిద్ధమవుతుంటే, పిల్లలు చుట్టూ నిలబడి చూస్తుంటారు. ఇద్దరు స్త్రీలు ఒక మగవాడికి రంగురంగుల పేలికలతో వేషం కుడుతుంటారు. బానిసత్వం చట్టరీత్యా పోయి పన్నెండేళ్ళయినా ఆ ముఖాల్లో నిశ్చింత లేదు, పిల్లల చేతిలో మాత్రం చిన్న అమెరికా జెండా ఉంటుంది. జ్ఞాపకాన్ని అమ్ముకునేవాడు అలా వేయడు.

అటకమీదిపెట్టె:
చర్చ సాగుతుండగా నేను దీపం తెప్పించి నిన్న రాత్రి చూశాను. వార్నిష్‌వాసన గారు చెప్పినట్టే చిత్రమంతా పాచిపట్టిన చెరువులా పచ్చగా మెరిసింది. రెండు చోట్ల మాత్రం నల్లగా ఉంది. ఒకటి ఆ అక్షరాలు. అవి పచ్చదనం మీద తేలుతున్నట్టున్నాయి, నల్లరంగు పగుళ్ళలోకి దిగి ఉంది. కాబట్టి జాన్సన్ కథ ముగిసింది, నాకు నిద్ర కూడా పట్టింది. రెండోది నేను ఊహించనిది. అబ్బాయి రెండు బూట్లూ నల్లని మచ్చలుగా కనిపించాయి. కాళ్ళు, గోడ, గడ్డి అంతా పచ్చగా ఉండి, బూట్లు ఒక్కటీ దీపానికి స్పందించడం లేదు.

వార్నిష్‌వాసన:
ఇది చాలా మంచి విషయం. బూట్లు తరవాత ఎవరో వేసినవి కావచ్చు. కింద చిరుగు ఉండి దాన్ని కప్పడానికి వేశారా, లేక ఊరికే వేశారా అన్నది సూక్ష్మదర్శిని కింద చూస్తే గాని తేలదు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కన్సర్వేషన్ వారి వెబ్‌సైటులో మీ ప్రాంతంలో పనిచేసే కన్సర్వేటర్లను (పాత చిత్రాలను పరిశీలించి బాగుచేసే నిపుణులను) వెతికే వీలుంది, అక్కడ చూడండి. విలువ కట్టి ఇస్తాననే మనిషే తాను కొంటానంటే మాత్రం ఆ మనిషికి చూపించకండి. అప్పటివరకూ పొయ్యిగూడు పైనా, హీటరు గాలి తగిలే గోడకూ తగిలించవద్దు. చలికాలంలో మన ఇళ్ళలో గాలి ఎండిపోయి కాన్వాసు బిగుసుకుంటుంది.

రాగిచెంబు:
బూట్ల సంగతి చదివి మా లక్ష్మీదేవి గుర్తుకు వచ్చింది. ఆ పటానికి మా నాయనమ్మ చీర అంచు పొడవునా చమ్కీలు అంటించి, కిరీటానికి జరీ పోగులు కుట్టించింది. రవివర్మ పటాలకు అలా అలంకారం చేయడం అప్పట్లో చాలా ఇళ్ళలో ఉండేది. అమ్మవారు బోసిగా ఉండటం ఆవిడకు నచ్చలేదు, అంతే. మీ అబ్బాయికి బూట్లు తొడిగిన చెయ్యి కూడా అలాంటిదే అయ్యుండవచ్చు. మా ఇంటి పిల్లవాడు కాళ్ళకు ఏమీ లేకుండా గోడ మీద కూర్చోవడమేమిటి అని ఒక అత్తగారో మేనత్తో అనుకుని ఉంటుంది.

సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను. 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనకు రవివర్మ చిత్రాలు వెళ్ళాయి. అదే ప్రదర్శనలో హోమర్ ‘ద గేల్’ చిత్రానికి బంగారు పతకం వచ్చింది. అందులో పెనుగాలిలో ఒక తల్లి బిడ్డను వీపున కట్టుకుని సముద్రపు ఒడ్డున నడుస్తుంటుంది.

అటకమీదిపెట్టె:
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. చిత్రాన్ని ఒక కన్సర్వేటర్‌కు చూపించాను. ఆవిడ సూక్ష్మదర్శిని కింద గంటసేపు చూసి చెప్పినది ఇది. కాన్వాసుకు చిరుగు లేదు. బూట్ల కింద వార్నిష్ పొర, ఆ పొర మీద సన్నగా దుమ్ము, దాని మీద బూట్ల నల్లరంగు ఉన్నాయి. అంటే బొమ్మ చాలాకాలం గోడకు వేలాడిన తరవాతే బూట్లు వచ్చాయి. ఎడమ బూటు అంచున నల్లరంగు రాలిన చోట చిన్న బొటనవేలు కనిపించింది. తెరమీద పెద్దది చేసి నాకూ చూపించారు. గోరుతో సహా చక్కగా వేసి ఉంది. కుంచెపట్టినవాడు గారూ, మీ ఔత్సాహికుడికి చేతివేళ్ళు రాకపోయినా కాలివేళ్ళు వచ్చు.

ఇంకొక విషయం ఆవిడ చెప్పేవరకూ నాకు తట్టలేదు. బూట్ల నలుపూ అక్షరాల నలుపూ పైకి ఒకేలా ఉన్నాయట, మెరుపూ పగలని తీరూ కూడా ఒకటేనట. నేను ఇన్నాళ్ళూ ఆ అక్షరాలను దొంగసంతకం అనుకున్నాను. బూట్లు తొడిగినవారే తమ పొడి అక్షరాలు రాసుకున్నారేమో, లేదా అవి ఆ అబ్బాయి పేరులోని అక్షరాలేమో.

నిర్మొహమాటం:
అమ్మకం ధర పెంచడానికి సంతకం చేసేవాడు శ్రమపడి బూట్లు వేయడు. పైగా ‘చెప్పులు లేని అబ్బాయి’ని వేసిన జాన్సన్ పేరు వాడుకోవాలంటే బూట్లు వేయడం ఎంత తెలివితక్కువ పనో చూడండి. దొంగసంతకం అన్న మాట నేనైతే వెనక్కు తీసుకుంటాను.

ఓహాయోవాసి:
వాషింగ్టన్‌లోని మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ వారి దగ్గర 1914కు ముందు వేసిన అమెరికన్ చిత్రాల పెద్ద జాబితా ఉంది, ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకవచ్చు. రాతిగోడ, అబ్బాయి, గడ్డిటోపీ అని విషయాన్ని బట్టి కూడా వెతికి చూడండి. చిత్రకారుడి పేరు దొరక్కపోయినా ఇదే చేతికి చెందిన మరో బొమ్మ తగలవచ్చు.

గోరింట:
మరి వార్నిష్ తీయిస్తారా? బూట్లు ఏమవుతాయి?

వార్నిష్‌వాసన:
చిక్కంతా అక్కడే ఉంది. బూట్లూ అక్షరాలూ వార్నిష్ మీద ఉన్నాయి కనుక, వార్నిష్‌ను కరిగిస్తే వాటంతటవే లేచిపోతాయి. మిగతా బొమ్మ అంతా శుభ్రం చేసి ఆ రెండు చోట్లా వదిలేయడం సాధ్యమే గానీ, కాళ్ళ చుట్టూ పసుపు మడుగు మిగిలిపోయి చూడటానికి వికారంగా ఉంటుంది. మూల చిత్రకారుడి పని బయటపడాలంటే బూట్లు పోవాలన్నది మా రంగంలో చాలామంది అనేమాట. ఆ కుటుంబం వేయించిన బూట్లు కూడా చిత్రపు చరిత్రలో భాగమే అనేవారూ ఉన్నారు. నిర్ణయం ఏదైనా ముందుగా మామూలు వెలుగులోనూ, పక్క వెలుగులోనూ, అతినీలలోహిత కాంతిలోనూ ఫోటోలు తీయించి, వాటి ప్రతిని చట్రం వెనక కవరులో పెట్టించండి. తీసిన రంగును తిరిగి పెట్టలేము.

అటకమీదిపెట్టె:
ఫోటోలు తీయించాను. స్మిత్‌సోనియన్ జాబితాలో ఇప్పటికి ఏమీ దొరకలేదు. ఇంట్లో అభిప్రాయాలు రెండుగా చీలాయి. మా ఆవిడ బూట్లు ఉండనివ్వమంటోంది, మా అమ్మాయి తీసేయమంటోంది, నా ఓటు ఇంకా ఎవరికీ వేయలేదు. కన్సర్వేటర్ నా అనుమతితో పై అంచున, ఫ్రేము కింద దాగే చోట, గోరంత మేర వార్నిష్ తీసి చూశారు. ఇన్నాళ్ళూ సాయంత్రపు ఆకాశం అనుకున్నది మిట్టమధ్యాహ్నపు నీలం. అబ్బాయి టోపీ తీసి ఒళ్ళో ఎందుకు పెట్టుకున్నాడో, కళ్ళు చికిలించి పక్కకు ఎందుకు చూస్తున్నాడో అప్పుడు అర్థమైంది. పని మార్చిలో మొదలుపెడదామన్నారు. అప్పటికి ఇంట్లో మాట ఒకటైతే ఆ ఫోటోలు ఇక్కడే పెడతాను.